శ్రుతి చూసుకోకుండా టికెట్ కొన్నాను

కాన్సర్టీనా అంటే ఏంటో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నేను ఎవరితో ఈ మాట అన్నా మొదటి ప్రశ్న అదే. రెండు చేతుల మధ్య పట్టేంత ఆరు పలకల పెట్టె, మధ్యలో మడతల తిత్తి, రెండు పక్కలా చిన్న చిన్న బటన్లు. లోపల ఉండేవి హార్మోనియంలో ఉండేలాంటి రీడ్లే. ఇంగ్లండ్‌లో దీన్ని తయారుచేసింది చార్లెస్ వీట్‌స్టన్, అంటే ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మనల్ని ఏడిపించిన వీట్‌స్టన్ బ్రిడ్జి పెద్దమనిషే. నిజానికి ఆ బ్రిడ్జి సంగతి 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ అనే ఆయన రాశాడు, పదేళ్ళ తర్వాత వీట్‌స్టన్ దాన్ని నలుగురికీ తెలిసేలా చేశాడు, పేరు మాత్రం వీట్‌స్టన్‌కే ఉండిపోయింది. కాన్సర్టీనా విషయంలో అలాంటి పేచీ లేదు, 1829లో ఆయన తీసుకున్న పేటెంట్‌తోనే దానికి బీజం పడింది.

మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. బర్మింగ్‌హామ్‌లో మేముండే ఫ్లాట్‌లో హార్మోనియం పెట్టే చోటు లేదు, పెట్టినా కింది ఇంటివాళ్ళు ఊరుకోరు. రెండేళ్ళ కిందట ఒక పాత సామాన్ల అమ్మకంలో ఈ పెట్టె కనిపించి కొన్నాను. లాషెనల్ కంపెనీది, 48 బటన్లు, ఐదు మడతల తిత్తి. వీడియోలు చూసుకుంటూ, పిల్లాడు పడుకున్నాక వంటగదిలో తలుపేసుకుని నేర్చుకున్నాను. రెండేళ్ళూ ఒక్కదాన్నే. ఈ 'ఒక్కదాన్నే' అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కిందటి నవంబరులో తెలిసింది, యార్క్‌షైర్ డేల్స్‌లో, స్వేల్‌డేల్ అనే లోయలో, మార్చి మొదట్లో ఒక వారాంతం మొత్తం కాన్సర్టీనా వాయించేవాళ్ళే చేరతారని. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నం దాకా, అరవై మంది దాకా వస్తారట, పొద్దున క్లాసులు, రాత్రి అందరూ గుండ్రంగా కూర్చుని వాయించడం. ఫీజు, రెండు రాత్రుల బస, భోజనాలు అన్నీ కలిపి 190 పౌండ్లు. మా ఆయన, "అరవై మందీ ఒకేసారి ఆ పెట్టెలే వాయిస్తారా?" అని అడిగి, కాసేపు ఆలోచించి, "సరే, వెళ్ళిరా, వాణ్ణి నేను చూసుకుంటా" అన్నాడు. ఆ కాసేపట్లో ఆయన ఏం ఊహించుకున్నాడో నేను అడగలేదు.

ఇక ఫారం. మొదటి ప్రశ్న, మీది ఏ రకం అని. ఇది పెద్ద విషయమే, ఎందుకంటే ఒకే పేరుతో పిలిచే ఈ పెట్టెల్లో ఒకటి వాయించడం వచ్చినవాళ్ళకి ఇంకోటి రాదు. ఆంగ్లో అనే రకంలో తిత్తి నొక్కితే ఒక స్వరం, అదే బటన్ పట్టుకుని తిత్తి లాగితే ఇంకో స్వరం, మౌతార్గాన్ లాగా. ఇంగ్లండ్ జానపద సంగీతంవాళ్ళకి ఆంగ్లో అంటే ఒక ప్రత్యేకమైన అభిమానం, 1899 డిసెంబరు 26న ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో విలియం కింబర్ మోరిస్ అనే అక్కడి జానపద నృత్యానికి వాయిస్తుంటే, తర్వాత జానపద పాటలు సేకరించి పేరు తెచ్చుకున్న సెసిల్ షార్ప్ విన్నది దాన్నే. షార్ప్ జానపద సంగీతం వైపు మళ్ళడానికి ఆ రోజే నాంది. డ్యూయెట్ రకంలో మంద్రం అంతా ఎడమ చేతిలో, తారం అంతా కుడి చేతిలో. నాది ఇంగ్లిష్ రకం, నొక్కినా లాగినా ఒకే స్వరం, కానీ స్వరాలు రెండు చేతులకీ వంతులవారీగా పంచేశారు. స ఎడమ చేతిలో ఉంటే రి కుడి చేతిలో, గ మళ్ళీ ఎడమ. ఏడు స్వరాలు కదా, బేసి సంఖ్య, అందుకని పై స వచ్చేసరికి అది కుడి చేతిలో ఉంటుంది. మొదటి నెల ఇది ఎవరో పగబట్టి చేసిన పనిలా అనిపించింది. తర్వాత తెలిసింది, వాళ్ళ ఐదు గీతల నొటేషన్‌లో గీత మీద ఉన్నవన్నీ ఎడమ చేతివి, గీతల మధ్య ఉన్నవన్నీ కుడి చేతివి అని. నొటేషన్ చదవగలిగితే ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు లేదు.

రెండో ప్రశ్న దగ్గర తప్పు చేశాను. మీ స్థాయి ఏది అని నాలుగు గళ్ళు: బిగినర్, ఇంప్రూవర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్. రెండేళ్ళు వాయించి బిగినర్ అని రాయడానికి మనసొప్పలేదు. ఇంప్రూవర్ అన్న మాట ఎందుకో స్కూల్లో వెనకబడినవాళ్ళకి పెట్టే సాయంత్రం క్లాసులాగా వినిపించింది. ఇంటర్మీడియట్ టిక్ పెట్టేసి, డబ్బు కట్టేసి, ఆ రోజు రాత్రి చాలా హుషారుగా పడుకున్నాను.

తర్వాత ప్రయాణం. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి డార్లింగ్టన్‌కి నేరుగా రైలుంది, మూడు గంటలు. డార్లింగ్టన్ నుంచి రిచ్‌మండ్‌కి బస్సు, రిచ్‌మండ్ నుంచి లోయలోకి ఇంకో చిన్న బస్సు. రిచ్‌మండ్‌కి ఒకప్పుడు రైలుండేది, 1969లో ఆపేశారు, ఆ స్టేషన్ భవనంలో ఇప్పుడు సినిమా హాలు నడుస్తోంది. నేను అడ్వాన్స్ టికెట్లు కొన్నాను, అంటే ఫలానా రైలుకే చెల్లేవి, రద్దుచేస్తే డబ్బు వెనక్కి రానివి, చవకగా ఉండేవి. రానూపోనూ 61 పౌండ్లు. బస్సు వేళలు కూడా కాగితం మీద రాసుకున్నాను: శుక్రవారం ఇన్నింటికి, ఆదివారం ఇన్నింటికి. ఆదివారం బస్సు వేళ పక్కన చిన్న అక్షరం ఒకటుంది, దాని వివరం పేజీ అడుగున ఉంది, అది నేను చదవలేదు. జనవరిలో వేరే పని మీద ఆ పేజీ మళ్ళీ తెరిస్తే అప్పుడు కనిపించింది, ఆ ఆదివారం బస్సు వేసవి నెలల్లోనే తిరుగుతుందని. నేను వెళ్ళేది మార్చిలో. ఆదివారం లోయలోంచి బయటికి రావడానికి ట్యాక్సీ తప్ప ఏమీ లేదు, ట్యాక్సీవాళ్ళు చెప్పిన రేటు వింటే అక్కడే ఇంకో రెండు రోజులు ఉండిపోవడం నయం అనిపించింది. నిర్వాహకులకి మెయిల్ పెట్టాను. కారులో వచ్చేవాళ్ళ జాబితా ఒకటి వాళ్ళ దగ్గర ఉంటుందట, డెర్బీ నుంచి వచ్చే ఆవిడ ఒకరు తిరుగు ప్రయాణంలో నన్ను డెర్బీ స్టేషన్‌లో దింపుతానన్నారు. అక్కణ్ణుంచి మా ఊరు ముప్పావు గంట. డార్లింగ్టన్ నుంచి కొన్న తిరుగు టికెట్ గంగలో కలిసింది.

అసలు కథ ఫిబ్రవరి మొదటి శనివారం మొదలైంది. అందరం కలిసి వాయించబోయే పద్నాలుగు ట్యూన్ల నొటేషన్, పక్కనే ఒక్కోదానికి రికార్డింగ్, మెయిల్లో వచ్చాయి. ఎక్కువ జిగ్‌లు, అంటే మన తిశ్రమే, తకిట తకిట అని నడుస్తుంది. మూడు హార్న్‌పైప్‌లు, రెండు పోల్కాలు, ఇవీ నృత్యాల ట్యూన్లే. నొటేషన్ పెద్ద కష్టంగా లేదు. మొదటిది రెండుసార్లు నెమ్మదిగా వాయించి, సరే ఇక రికార్డింగ్‌తో కలిసి వాయిద్దాం అని లాప్‌టాప్‌లో పెట్టాను.

పళ్ళు పులిశాయి. ఇంకో రకంగా చెప్పలేను. తప్పు స్వరం పడితే ఎక్కడో ఒకచోట కదా పడాలి, ఇది మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా ఒకే రకంగా పులుపు. లాప్‌టాప్ స్పీకర్లు పాడయ్యాయనుకున్నాను, ఫోన్లో పెట్టాను, అదే. రికార్డింగ్ వేగం మారిపోయిందేమో అని చూశాను, మారలేదు. నేనే తప్పు స్కేల్‌లో మొదలుపెట్టానేమో అని ఒక మెట్టు కిందనుంచి వాయించి చూశాను, అప్పుడు పులుపు ఇటు నుంచి అటు మారింది తప్ప పోలేదు. ఈ హడావుడిలో అమ్మ వీడియో కాల్ చేసింది. ఫోను అల్మారాకి ఆనించి, ఉండమ్మా ఒక్క నిమిషం అని, మళ్ళీ లాప్‌టాప్‌తో వాయించాను. అమ్మ తాతయ్య కూతురు, ఎనిమిదేళ్ళప్పటి నుంచీ రిహార్సల్స్‌లో ఓ మూల కూర్చుని విన్న మనిషి. రెండు వరుసలు విన్నదో లేదో, "అమ్మడూ, ఆపవే తల్లీ" అంది. "ఆ లాప్‌టాప్‌లోది ఒకటి శ్రుతిలో ఉంది. నీది ఒకటీ కాదు, ఒకటిన్నరా కాదు, మధ్యలో ఉంది. తాతయ్య అయితే దాన్ని స్టేజి ఎక్కనిచ్చేవారు కాదు." హార్మోనియంవాళ్ళ లెక్కలో ఒకటి అంటే ఒక తెల్ల మెట్టు, ఒకటిన్నర అంటే దాని పక్కనున్న నల్ల మెట్టు.

ట్యూనర్ యాప్ తెరిచి చూశాను. రెండేళ్ళలో మొదటిసారి. 'ఏ' బటన్ నొక్కితే ముల్లు ఒక క్షణం 'ఏ' అని చూపిస్తూ కుడి చివరికి వెళ్తుంది, తిత్తి కొంచెం మెల్లగా లాగితే 'ఏ షార్ప్' అని పేరు మార్చుకుని ఎడమ చివరికి దూకుతుంది. హార్మోనియంలో తెల్ల మెట్టుకీ పక్కనున్న నల్ల మెట్టుకీ మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే నా పెట్టె 48 సెంట్లు పైన ఉంది. అన్ని బటన్లూ చూశాను, అన్నీ అలాగే, ఒకదానితో ఒకటి మాత్రం చక్కగా కలుస్తున్నాయి. అందుకే రెండేళ్ళూ నాకు తెలియలేదు. ఒక్కదాన్నే వాయించుకునేదానికి శ్రుతి ఎక్కడుంటే ఏంటి.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇప్పుడు లోకమంతా 'ఏ' స్వరాన్ని సెకనుకి 440 కంపనాలు అని పెట్టుకుంది గానీ, పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో అది 452 దాకా ఉండేది. బ్రాస్ బ్యాండ్లవాళ్ళు 1960ల దాకా ఆ ఎత్తు శ్రుతినే పట్టుకుని ఉన్నారు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో అచ్చంగా కాన్సర్టీనాలతోనే బ్యాండ్లు ఉండేవి, పోటీలకి వెళ్ళేవి. అప్పుడు అందరివీ ఒకే ఎత్తులో ఉండేవి కాబట్టి గొడవ లేదు. నాది ఆ కాలం నుంచి ఎవరూ ముట్టుకోకుండా వచ్చిన పెట్టె. అది ఏ సంవత్సరంలో తయారైందో చూద్దామని కూడా ప్రయత్నించాను. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం దగ్గర 600కి పైగా కాన్సర్టీనాలూ వీట్‌స్టన్ కంపెనీ అమ్మకాల పుస్తకాలూ ఉన్నాయి, నెంబరుని బట్టి తేదీ వెతుక్కోవచ్చు. కానీ అవి వీట్‌స్టన్ కంపెనీ లెక్కలు, నాది లాషెనల్‌ది. ఒక రాత్రి రెండింటి దాకా పేజీలు తిప్పాకే ఈ చిన్న విషయం నా బుర్రకెక్కింది.

రిపేరు చేసేవాళ్ళని అడగడం తర్వాతి పని. ఇద్దరికి రాశాను. ఒకాయన దగ్గర క్యూ ఎనిమిది నెలలు. రెండో ఆయన ఫోన్లో ఓపిగ్గా మాట్లాడాడు. 48 బటన్లంటే 96 రీడ్లు, నొక్కడానికొకటి, లాగడానికొకటి. శ్రుతి దించాలంటే ఒక్కో రీడునీ మొదట్లో, అంటే బిగించి ఉన్న వైపు, సన్నటి ఆకురాయితో గీకాలి, పెంచాలంటే కొసన గీకాలి. గీకిన లోహం మళ్ళీ రాదు. "మీ పెట్టె దాని పాత శ్రుతిలో బాగా కలిసి ఉంది అంటున్నారు, అలాంటివి ఇప్పుడు తక్కువ, తొందరపడి నిర్ణయం తీసుకోకండి" అన్నాడు. వచ్చే డబ్బు వద్దనుకుని ఆ మాట చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది, కానీ నా టెన్షన్ తగ్గలేదు. ఇంకా మూడు వారాలే ఉంది.

ఈలోగా ఒక పిచ్చి ఆశ కూడా పెట్టుకున్నాను, లోపల ఏదో వదులై ఇలా మోగుతోందేమో అని. పెట్టె విప్పాను. ఒక్కో పక్క ఆరు మరలు. వాటిని కలిపేయకూడదని చదివాను, ఏ మర ఏ చిల్లులోదో ఆ చిల్లులోకే వెళ్ళాలి, నూరేళ్ళుగా ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. అట్టముక్క మీద ఆరు పలకల బొమ్మ గీసి, మూల మూలకీ చిల్లు పొడిచి, తీసిన మరని తీసినట్టు అందులో గుచ్చాను. లోపల చెక్క పళ్ళెంలో రీడ్లు సూర్యకిరణాల్లా చుట్టూ అమర్చి ఉన్నాయి, ఒక్కోదాని పక్కన స్వరం పేరు అచ్చు గుద్ది ఉంది, చిల్లుల మీద చీలికల్లాంటి తోలు ముక్కలు. దేనికీ ఏమీ కాలేదు. ఎవరో ఎప్పుడో ఎంతో పద్ధతిగా చేసిన పని అలాగే ఉంది. మళ్ళీ మూసేశాను. మూసేటప్పుడు ఒక మర కింద పడి ఫ్రిజ్ అడుగుకి దొర్లిపోయింది, దాన్ని చీపురుపుల్లతో బయటికి లాగడానికి పట్టిన టైము విప్పి మూయడానికి పట్టలేదు.

చివరికి సిగ్గు వదిలేసి నిర్వాహకులకి ఉన్నదున్నట్టు రాశాను: నా పెట్టె పాత శ్రుతిలో ఉంది, మీతో కలవదు, అసలు రావాలా వద్దా. అదే మెయిల్ చివర్లో, స్థాయి కూడా ఇంటర్మీడియట్ నుంచి ఇంప్రూవర్‌కి మార్చగలరా అని అడిగాను, ఎందుకంటే ఆ రికార్డింగులు మామూలు వేగంలో విన్నాక నా సంగతి నాకు తెలిసింది. గంటలో జవాబు. పాత శ్రుతి పెట్టెతో ప్రతి ఏడూ ఎవరో ఒకరు వస్తారట, ఒకరి దగ్గర అదనంగా ఇంగ్లిష్ రకం ఉంది, వారాంతానికి ఇస్తారు, మీదీ తెచ్చుకోండి, రిపేరు ఆయన వస్తాడు, చూస్తాడు. ఇక స్థాయి సంగతంటే, ఫారం నింపేటప్పుడు ఇంటర్మీడియట్, ట్యూన్లు వచ్చాక ఇంప్రూవర్, ఇది మాకు అలవాటే అని రాశారు. నవ్వొచ్చింది, కొంచెం ఒళ్ళు కూడా మండింది.

మిగిలిన మూడు వారాలూ పద్నాలుగు ట్యూన్లలో ఆరే పట్టుకున్నాను. ఇది నేను తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. ఒక్కో ట్యూన్ మూడుసార్లు తిప్పి వాయిస్తారు కాబట్టి, మొదటిసారి విని, రెండోసారి సగం పట్టుకుని, మూడోసారి కలిసిపోవచ్చు అని ఎవరో రాస్తే చదివాను. అందుకని మిగతా ఎనిమిదీ వాయించడం మానేసి, గిన్నెలు తోముతూ వినడం మొదలుపెట్టాను. మావాడికి నాలుగు ట్యూన్లు నాకన్నా ముందే వచ్చేశాయి, స్నానం చేస్తూ పాడుతున్నాడు, అదీ సరైన శ్రుతిలో.

సామాను పెద్దగా లేదు, పెట్టెని ఎలా తీసుకెళ్ళాలన్నదే ఆలోచన. దాంతో వచ్చిన పాత చెక్క డబ్బాలో అది నిలువుగా, ఒక చివర మీద కూర్చుంటుంది. అలా ఉంచితే ఒక వైపు తోలు ముక్కలు బరువుకి వేలాడి వంకరపోతాయట, వాయించేటప్పుడు ఎలా పట్టుకుంటామో అలాగే అడ్డంగా పడుకోబెట్టాలి. పిల్లాడి లంచ్‌కని కొన్న మెత్తటి సంచీ ఒకటి సరిగ్గా సరిపోయింది, మీద డైనోసార్ బొమ్మతో సహా. రైల్లో పైన అరలో పెట్టలేదు, హీటర్ పక్కన పెట్టలేదు (వేడికి చెక్క ఎండితే రీడ్లు వదులవుతాయి), మూడు గంటలూ ఒళ్ళోనే. షెఫీల్డ్‌లో ఎక్కిన పెద్దాయన ఆ సంచీ చూసి, లోపల ఏముందో తెలుసుకోవాలని ఉన్నా అడగడానికి మొహమాటపడి, యార్క్‌లో దిగిపోయాడు.

చివరి బస్సులో ఎక్కింది ఐదుగురం, అందులో ముగ్గురి దగ్గర ఆరు పలకల డబ్బాలు. లోయ పొడుగునా రాతి గోడలు, నల్ల మొహం గొర్రెలు, ఒకటే వాన. అరువిచ్చిన ఆవిడ గుమ్మంలోనే పెట్టె చేతిలో పెట్టారు. బటన్లన్నీ నా దాంట్లో ఉన్న చోటే, కానీ స్ప్రింగులు బిగువు, బొటనవేలి పట్టీ వదులు, తిత్తికి ఒక మడత ఎక్కువ కావడంతో గాలి ఎప్పుడైపోతుందో అంచనా అందలేదు. శుక్రవారం రాత్రంతా నా చేతులు వేరే ఎవరివో అన్నట్టే ఉన్నాయి. అయినా అందరితో కలిసి మొదటి జిగ్ మొదలైనప్పుడు, నా స్వరం నాకే వినపడకుండా మిగతావాటిలో కలిసిపోయినప్పుడు, ఒక్క క్షణం వాయించడం ఆపి చూశాను, నేను ఆపానని అక్కడ ఎవరికీ తెలియలేదు, మళ్ళీ కలిశాను. రెండేళ్ళు వంటగదిలో ఇది లేదు.

ఇంప్రూవర్ క్లాసులో పదకొండు మందిమి. సగం మంది నాకన్నా బాగా వాయిస్తున్నారు. వాళ్ళూ ఇంటర్మీడియట్ నుంచి దిగినవాళ్ళేనేమో అని అడగాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం రిపేరు ఆయన నా పెట్టె చూసి, ఇలాంటిదే ఇంకొకరి దగ్గర ఉంది అని, లాంకషైర్ నుంచి వచ్చిన ఒక డెబ్భై ఏళ్ళాయన్ని పిలిచాడు. ఆయనకి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చిందట, శ్రుతి మార్పించలేదు, ఏడాదికోసారి ఇక్కడికి తెస్తాడు, వాయించేది వేరే పెట్టె, దీన్ని ఊరికే తెస్తాడు. హాల్లో వాయిస్తే మిగతావాళ్ళ చెవులకి ఇబ్బంది అని, తడిసిన కోట్లూ బూట్లూ ఆరబెట్టే గదిలోకి వెళ్ళాం. తలుపేసి, ముందు ఒక్క 'ఏ' పట్టుకున్నాం. పూర్తిగా కలవలేదు, ఆయనది నా దానికన్నా వెంట్రుకవాసి కిందుంది, రెండు స్వరాల మధ్య ఒక అల నెమ్మదిగా కదులుతోంది. ఆయన తల ఊపి, "చాల్లే" అన్నాడు. నాకు వచ్చిన ఆరింట్లో నాలుగు ఆయనకీ వచ్చు. నాలుగూ వాయించాం, మళ్ళీ మొదట్నుంచీ వాయించాం, మధ్యలో ఎవరో బూట్ల కోసం తలుపు తెరిచి, మొహం చిట్లించుకుని, బూట్లు తీసుకోకుండానే మూసేసి వెళ్ళిపోయారు.

అమ్మకి పంపిద్దామని ఫోన్లో రికార్డు చేశాను. ఆదివారం డెర్బీ దారిలో, కారులో ఉండగా జవాబు వచ్చింది: "ఇప్పుడు బాగుంది. ఆ రెండోది వాయించేది ఎవరు? ఒక్క చుక్క తగ్గింది."